ఆ లెన్సు ‘మాయాబజార్’ తీసిందా?

సినిమా అంటే కదిలే బొమ్మ అని మీరూ నేనూ అనుకుంటాం. కానీ మన ముందు తరం వాళ్లకి ఏ సినిమా అయినా మొదట కదలని బొమ్మగానే పరిచయమయ్యేది. థియేటర్ వరండాలో, తాళం వేసిన అద్దాల పెట్టెలో, గుండుసూదులతో గుచ్చిన ఎనిమిదో పదో స్టిల్స్! టిక్కెట్టుకి డబ్బుల్లేని కుర్రాడు కూడా వాటి ముందు అరగంట నిలబడి, కథంతా తనే అల్లేసుకుని, వీధి అరుగు మీద స్నేహితులకి చెప్పేసేవాడు. (వాడు చెప్పిన కథే అసలు సినిమా కంటే బాగుండేదని గిట్టనివాళ్లు అంటారు.)

ఆ స్టిల్స్ తీసిన మనిషి పేరు టైటిల్స్‌లో అలా మెరిసి ఇలా మాయమయ్యేది. ఇక ఆయన చేతి కింద కెమేరా స్టాండు మోసిన అసిస్టెంటు పేరు టైటిల్స్‌లో కూడా వుండేది కాదు. మా పెదనాన్న అలాంటి అసిస్టెంటు. మద్రాసు కోడంబాకంలో పన్నెండేళ్లపాటు స్టాండు మోశాడు, చీకటిగదిలో ఫిలిం ఎక్కించాడు, ప్రింట్లు కడిగాడు. ఆ తరువాత తెనాలి తిరిగొచ్చి చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. నేను పత్రికల్లో రాయడం మొదలుపెట్టేనాటికే ఆయన లేడు. ఆయన చెక్క కెమేరాని చెదలు తినేశాయి. మిగిలింది ఒక బిస్కెట్ల డబ్బా, దానిలో గుడ్డలో చుట్టిన ఒక లెన్సు.

ఆ డబ్బా గురించే ఈ వ్యాసం. మా పెదనాన్న చిన్నకొడుకు, నాకు అన్నయ్య, ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

“ఒరేయ్, నువ్వు ఒక్క పేజీ రాసిపెట్టాలి. నాన్నగారి లెన్సుతోనే ‘మాయాబజార్’ స్టిల్స్ తీశారని. పత్రికలో నీ పేరుతో పడితే చాలు.”

సంగతేమిటంటే, హైదరాబాద్‌లో పాత సినిమా వస్తువులు కొనే వ్యాపారి ఒకాయన ఆ లెన్సు చూశాడు. ఉత్త లెన్సుగా అయితే పదిహేను వేలు ఇస్తానన్నాడు. ‘మాయాబజార్’ లెన్సని ఎవరైనా అచ్చులో రాస్తే లక్షన్నర! అన్నయ్య కూతురికి అప్పుడే ఇంజనీరింగ్ సీటొచ్చింది. మొదటి ఏడాది ఫీజు కట్టడానికి గడువు ఇరవై రోజులు. లక్షన్నరకీ పదిహేను వేలకీ మధ్య వున్న తేడా ఆ పిల్ల చదువే.

నేను రాస్తాననీ అనలేదు, రాయననీ అనలేదు. “ముందు ఆ డబ్బా నా దగ్గరికి పంపించు అన్నయ్యా” అన్నాను.

డబ్బా వచ్చింది. గుడ్డ విప్పితే అరచేతిలో ఇమిడేంత లెన్సు. ముందు గాజు, వెనక గాజు, రెండింటి నడుమ నల్లటి ఇనప చట్రం. చట్రం చుట్టూ అంకెలు, రెండు మూడు మీటలు. మీట ఒకటి పక్కకి లాగి ఇంకొకటి నొక్కితే “టిక్” మని సన్నటి చప్పుడు. లోపల అయిదు పల్చటి ఉక్కు రేకులు గన్నేరు మొగ్గ విచ్చుకున్నట్టు మధ్యనుంచి విచ్చుకుని, మళ్లీ మూసుకుపోయాయి. దీన్నే లీఫ్ షట్టర్ అంటారు. అంత చిన్న చప్పుడు చేసేదాన్ని లక్షన్నరకి సాక్ష్యం చెప్పమని నిలబెట్టాం మేము!

సినిమా కెమేరాలో వుండేది ఈ రకం షట్టర్ కాదు. అక్కడ సగం కోసేసిన పళ్లెంలాంటి చక్రం గిరగిరా తిరుగుతుంది. సెకనుకి 24 ఫ్రేములు పరుగెడుతుంటే ఒక్కో ఫ్రేముకి సుమారు సెకనులో 48వ వంతు వెలుగు అందుతుంది. హీరో చెయ్యి విసిరితే ఆ ఒక్క ఫ్రేములో చెయ్యి అలుక్కుపోయి కనబడుతుంది. తెరమీద మన కంటికి తెలియదుగానీ, ఆ ఫ్రేమునే కత్తిరించి పెద్దది చేస్తే పోస్టరుకి పనికిరాదు. అందుకే షాటు ఓకే అయ్యాక “స్టిల్ కోసం ఒక్క నిమిషం ఆగండి” అని వేరే కెమేరా రంగంలోకి దిగేది. ఎన్.టి.ఆర్. అయినా, సావిత్రి అయినా, ఎస్.వి. రంగారావు అయినా ఆ నిమిషం ఆగాల్సిందే! ఆ రోజుల్లో స్టిల్ కెమేరాలు చాలావాటిలో వున్నది ఈ లీఫ్ షట్టరే. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్లో 1929లో పుట్టిన రెండు కళ్ల రోలైఫ్లెక్స్‌లోనూ ఇదే.

దీనికి ఇంకో గొప్ప గుణం వుంది. కర్టెన్ షట్టర్ వుండే కెమేరాల్లో వేగం ఒక హద్దు దాటితే ఫిలిం అంతా ఒకేసారి తెరుచుకోదు. సందులాంటి చీలిక ఒకటి దాని మీదుగా జరుగుతుంది. ఆ వేగంలో ఫ్లాష్ వెలిగిస్తే బొమ్మలో ఒక ముక్కకే వెలుగు పడుతుంది. లీఫ్ షట్టర్ అలా కాదు. ఎంత వేగంలోనైనా ఒక క్షణం పువ్వు పూర్తిగా విచ్చుకుంటుంది. ఆ క్షణాన ఫ్లాష్ వెలిగితే సరి. మిట్టమధ్యాహ్నం ఔట్‌డోర్‌లో హీరోయిన్ కళ్ల కింద నీడలు పోగొట్టాలన్నా ఇదే దారి. మరి లోపం లేదా అంటే వుంది. రేకులు బయలుదేరాలి, ఆగాలి, వెనక్కి తిరగాలి. అందుకని వేగానికి హద్దు వుంటుంది. చిన్న షట్టర్లు సెకనులో 500వ వంతు దగ్గర ఆగిపోతాయి. షట్టర్ పెద్దదయ్యేకొద్దీ ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. జపాన్ వాళ్ల కోపల్ షట్టర్లనే తీసుకోండి. సున్నా నంబరుది 500 దాకా వెళుతుంది, ఒకటో నంబరుది 400 దాకా, బాగా పెద్దదైన మూడో నంబరుది 125 తోనే సరిపెట్టుకుంటుంది.

ఇక అసలు ప్రశ్న. ఈ ఇనప చట్రం వయసెంత?

‘మాయాబజార్’ విడుదలైంది 1957 మార్చి 27న. వాహినీ స్టూడియోలో కె.వి. రెడ్డిగారి దర్శకత్వంలో, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణంలో దాని షూటింగ్ అంతకు ముందే జరిగింది. అంటే మా లెన్సు ఆ సెట్లో వుండాలంటే 1957కి ముందే జర్మనీలో పుట్టి, ఓడెక్కి, మద్రాసు రేవులో దిగి వుండాలి. సినిమా తారల వయసు తెలుసుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. షట్టర్లు అంత గడుసువి కావు. ఎక్కడ చూడాలో తెలిస్తే ఒంటిమీదే రాసుకుని వుంటాయి.

ముందు పేరు చూశాను. సింక్రో-కాంపర్. మ్యూనిక్‌లో ఫ్రీడ్రిష్ డెకెల్ కంపెనీ తయారు చేసింది. ఆ కంపెనీ మొదట ‘కాంపౌండ్’ అనే షట్టర్ చేసేది. అందులో నెమ్మది వేగాలని లెక్కపెట్టేది గాలి. చిన్న గొట్టంలో ముషలకం కదులుతూ గాలిని మెల్లగా వదిలేది, సైకిల్ పంపులాగా. 1912లో గాలి తీసేసి గడియారం చక్రాలు పెట్టారు. జర్మన్ భాషలో గడియారపు యంత్రాన్ని ఊర్‌వెర్క్ అంటారు. కాంపౌండ్‌లో సగం, ఊర్‌వెర్క్‌లో మొదటి ముక్క కలిపి ‘కాంపర్’ అయిందట. మన సినిమావాళ్లు ఇద్దరు నిర్మాతల పేర్లు కలిపి బ్యానర్ పెట్టినట్టు!

మొదటి కాంపర్‌కి నెత్తిమీద చిన్న గుండ్రటి డయల్ వుండేది, వేగం అక్కడ తిప్పి పెట్టాలి. సుమారు 1930 నుంచి ఆ డయల్ పోయి, లెన్సు చుట్టూ వున్న రింగునే తిప్పే పద్ధతి వచ్చింది. కాబట్టి డయల్ కనిపించిందంటే అది తాతల నాటిదని కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. 1930ల నడుమ 500 వేగం వున్న కాంపర్-రాపిడ్ వచ్చింది. యుద్ధం అయ్యాక, 1950లలో, ఫ్లాష్ తీగ గుచ్చే చోటూ, ఎమ్, ఎక్స్ అనే అక్షరాలూ వున్న సింక్రో-కాంపర్ వచ్చింది. మాది అదే. అంటే యుద్ధానికి ముందుది కాదు. ఇంతవరకూ ‘మాయాబజార్’ కథకి ప్రమాదం లేదు.

తరువాత అంకెలు. పాత జర్మన్ షట్టర్ల మీద వేగాలు 1, 2, 5, 10, 25, 50, 100 అని వుంటాయి. 1950ల నడుమ నుంచి ఆ లెక్క మారిపోయి, ఇవాళ మనం వాడే 1, 2, 4, 8, 15, 30, 60, 125 వచ్చింది. ప్రతి మెట్టూ ముందుదానికి సుమారు సగం. మాదాని మీద వున్నవి కొత్త అంకెలు. కథ కొంచెం ఊగింది, పడిపోలేదు. 1955లోనో 1956లోనో చేసిందయినా అవొచ్చుగా?

ఇలాంటి గుర్తులు ఇంకా వున్నాయి. జర్మన్ సరుకు మీద ‘డి.ఆర్.పి.’ అని వుంటే అది హిట్లర్ కాలం ముగిసేలోపు ఇచ్చిన పేటెంటు, ‘డి.బి.పి.’ అయితే పశ్చిమ జర్మనీ ఏర్పడ్డాక ఇచ్చింది. ‘యు.ఎస్. జోన్’ అని చెక్కి వుంటే అమెరికా సైన్యం అక్కడ మకాం వేసిన ఆ కొద్ది ఏళ్లది. అమెరికా కొడాక్ వాళ్ల పద్ధతి మరీ సరదా. ‘కెమెరాసిటీ’ అని పది అక్షరాల మాట ఒకటి కల్పించారు. సి అంటే 1, ఎ 2, ఎమ్ 3, ఇ 4, ఆర్ 5, ఓ 6, ఎస్ 7, ఐ 8, టి 9, వై సున్నా. లెన్సు నంబరు ముందు ‘ఇ.ఎస్.’ అని వుంటే 47, అంటే 1947లో చేసినట్టు. స్వీడన్ హాసెల్‌బ్లాడ్ వాళ్లూ తమ కెమేరాలకి ఇదే ఎత్తు వేశారు. వాళ్ల మాట ‘వి.హెచ్. పిక్చర్స్’! వి 1, హెచ్ 2, పి 3... అలా చివరి ఎస్ సున్నా దాకా. ‘టి.యు.’ అంటే 67. ఈ పేరుతో మద్రాసులో ఎవరో సినిమా తీసే వుంటారనిపిస్తుంది వింటుంటే.

హాసెల్‌బ్లాడ్ మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 1957లో వచ్చిన వాళ్ల 500సి కెమేరాలో షట్టర్‌ని లెన్సులోనే పెట్టారు, ఈ సింక్రో-కాంపర్‌నే. 1969లో అపోలో 11 మనుషులు చందమామ మీద నడిచినప్పుడు తీసుకెళ్లిన హాసెల్‌బ్లాడ్ లెన్సులోనూ లీఫ్ షట్టరే. తిరిగొచ్చేటప్పుడు బరువు తగ్గించడానికి ఫిలిం డబ్బాని మాత్రం తెచ్చుకుని కెమేరా, లెన్సు అక్కడే వదిలేశారు. పౌర్ణమినాడు పైకి చూస్తే ఇప్పుడు నాకు కుందేలుతో పాటు షట్టర్ కూడా గుర్తొస్తోంది.

సరే, మన కథలోకి వద్దాం. అన్నిటికంటే గట్టి సాక్షి ముందు గాజు చుట్టూ చెక్కిన నంబరు. మాది ష్నైడర్ కంపెనీ జెనార్, 150 మిల్లీమీటర్లు, ఎఫ్ 4.5. ఆ కంపెనీ లెన్సులకి వరసగా నంబర్లు వేసుకుంటూ పోయింది. ఏ ఏడాదికి ఏ నంబరు దాకా వచ్చారో పట్టిక వుంది. నలభై లక్షలు దాటింది సుమారు 1954లో. యాభై లక్షలు సుమారు 1957లో. అరవై లక్షలు సుమారు 1959లో.

మా లెన్సు నంబరు అరవై లక్షల పైచిలుకు.

రెండుసార్లు భూతద్దం పెట్టి చూశాను. మొదటి అంకె 6. సందేహం లేదు. ఘటోత్కచుడు వివాహభోజనం చేసేసి, సినిమా ఊరూరా ఆడేసి, రెండేళ్లు గడిచాక గానీ ఆ గాజు పుట్టలేదు!

అన్నయ్యకి చెప్పాను. అన్నయ్య వ్యాపారికి చెప్పాడు. వ్యాపారి తెలివైనవాడు. నాకే నేరుగా ఫోన్ చేశాడు.

“సార్, షట్టర్ పాతదే అయివుండొచ్చు కదండీ. గాజులు పగిలితే తరువాత కొత్తవి బిగించి వుంటారు. మీరు షట్టర్ గురించే రాయండి.”

ఈ వాదనలో పస లేకపోలేదు. ఇలాంటి లెన్సుల్లో ముందు గాజుల గుత్తి, వెనక గాజుల గుత్తి షట్టర్‌కి మరలతో బిగించి వుంటాయి. విప్పి ఇంకో షట్టర్‌కి బిగించొచ్చు. ఒక లెన్సు ఇంకో షట్టర్‌తో కాపురం చేస్తూ దొరకడం ఈ రంగంలో వింతేమీ కాదు. అందుకే వయసు కట్టేటప్పుడు గాజుని విడిగా, షట్టర్‌ని విడిగా చూడాలి. రెండింటిలో చిన్నదాని వయసే ఆ జంట వయసు. అదీకాక ఈ గుర్తులన్నీ “ఇంతకంటే ముందుది కాదు” అనే చెబుతాయి. ఎవరు నొక్కారు, ఎవరి బొమ్మ తీశారు అనే సంగతి ఏ అంకె చెప్పదు. వ్యాపారి పట్టుకున్న సందు అదే. షట్టర్ ఒక్కటే అయితే 1956లో వుండే వీలుంది, లేదని నేను రుజువు చేయలేను.

నేను రుజువు చేయలేనిదాన్ని జరిగిందని రాయమని ఆయన కోరిక. లక్షన్నర కళ్లముందు కనబడుతుంటే “వీలుంది” అనే మాట “జరిగింది” అనే మాటలా ఎంత సులువుగా మారిపోతుందో అప్పుడు చూశాను. అన్నయ్య అప్పటికే బంధువులందరికీ “రుజువైంది” అని చెప్పేశాడు!

ఇక మిగిలిన సాక్షి ఒక్కరే. తెనాలి బస్సెక్కాను. పెద్దమ్మకి ఎనభై దాటాయి. చెవులు కాస్త మందగించాయిగానీ జ్ఞాపకం కత్తి. లెన్సు చేతిలో పెట్టి, గట్టిగా అడిగాను, “పెద్దమ్మా, పెదనాన్న దీంతోనే మాయాబజార్ స్టిల్స్ తీశాడా?” అని.

ఆవిడ పడీ పడీ నవ్వింది.

“ఎవడురా చెప్పింది? మాయాబజార్ చూశాకే కదరా మీ పెదనాన్న మద్రాసు పారిపోయింది! తెనాల్లో నెల్లాళ్లలో తొమ్మిదిసార్లు చూశాడట. మీ తాతగారు చెప్పు తీసుకుంటే, ఆ రాత్రే మెయిలెక్కాడు. నా పెళ్లినాటికి అదే కథ, ఊరంతా చెప్పుకునేవాళ్లు.”

మరి లెన్సు?

“ఈ గాజుకన్నా! మూర్ మార్కెట్లో కొన్నాడు, పాతది. మా పెద్దాడు కడుపులో వున్నాడప్పుడు. నా గొలుసు కుదువపెట్టి కొన్నాడు మహానుభావుడు. ఆ గొలుసు మళ్లీ నా మెళ్లోకి రాలేదు.”

పెద్దన్నయ్య పుట్టింది 1962లో. 1959 ప్రాంతంలో పుట్టిన లెన్సు, రెండు మూడేళ్లు ఎవరి దగ్గరో వాడకమై, 1985లో తగలబడిపోయిన ఆ మూర్ మార్కెట్లో పాతవస్తువుల బల్లమీద చేరడం... లెక్క అతికినట్టు సరిపోయింది. అంకెలు చెప్పినదీ, ఆవిడ చెప్పినదీ ఒకటే.

“మరి మాయాబజార్ అని చిన్నన్నయ్య ఎందుకు అంటున్నాడు పెద్దమ్మా?”

“వాడికి చిన్నప్పుడు మీ పెదనాన్నే, ‘ఒరేయ్, నేను ఈ కెమేరా పట్టిందే మాయాబజార్ వల్లరా’ అనేవాడు. వాడు ‘వల్ల’ని ‘కోసం’గా విన్నాడేమో!”

నాకయితే ఈ కథే బాగా నచ్చింది. కానీ దీనికి లక్షన్నర ఎవరిస్తారు చెప్పండి?

అన్నయ్యకి ఆ రాత్రే ఫోన్లో చెప్పేశాను, నేను రాయలేనని. “నీదేం పోయిందిరా, ఒక్క పేజీ. ఎవరికి నష్టం?” అన్నాడు. ఆ డబ్బు పెట్టి కొనేవాడికి నష్టం అన్నాను. “వాడెవడో కోటీశ్వరుడు” అన్నాడు. పెట్టేశాడు. తరువాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఫీజుకి బ్యాంకులో అప్పు తీసుకున్నాడని వదిన చెబితే తెలిసింది. నాకు వీలయినంత నేనూ పంపించాను, అది లక్షన్నర కాదని వేరే చెప్పక్కర్లేదు. పదిహేను వేలకి అమ్మడానికి అన్నయ్యకి మనసు రాలేదు. వ్యాపారి మళ్లీ ఫోన్ చేయలేదు. లెన్సు పెద్దమ్మ నా చేతిలోనే పెట్టింది. “మూల పడేస్తే బిగుసుకుపోతుందన్నావుగా, నీ దగ్గరే వుంచి తిప్పుతూ వుండు” అంది.

తిప్పి చూద్దును కదా, నిజంగానే బిగుసుకుపోయింది. వేగం ఎక్కువున్న అంకెలు బాగానే పలుకుతున్నాయి. నెమ్మది అంకెలు మాత్రం నీరసపడ్డాయి. నా సెల్‌ఫోన్లో సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లోమోషన్ వుంది. వెనకనుంచి దీపం పెట్టి, రేకులు తెరుచుకుని మూసుకునేదాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టాను. 8 దగ్గర 30 ఫ్రేములు రావాలి, 58 వచ్చాయి. 2 దగ్గర 120 రావాలి, రేకులు తెరుచుకుని అలాగే వుండిపోయాయి! మీ ఇంట్లో అటక మీద పాత కెమేరా వుంటే మీరూ ఇలా పరీక్ష చేయొచ్చు. పైసా ఖర్చు లేదు.

కోఠి గుజరాతీ గల్లీలో కెమేరాలు బాగుచేసే పెద్దాయన ఒకరు దాన్ని విప్పారు. లోపల గడియారంలాగే బుల్లి చక్రాలు, పళ్లు. అరవై ఏళ్ల నాటి గ్రీజు బంకలా గట్టిపడింది. అదంతా కడిగి, ఇరుసుల దగ్గర సూదిమొనంత నూనె పెట్టారు. రేకులకి మాత్రం చుక్క కూడా తగలనివ్వలేదు. “రేకులకి నూనె పెట్టేవాడు మాకు అన్నదాత సార్. రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మళ్లీ మా దగ్గరికే రావాలి” అన్నారు నవ్వుతూ.

ఆయన చెప్పిన జాగ్రత్తలు ఇంకో రెండు మూడు వున్నాయి. వేగం ముందు పెట్టుకుని, ఆ తరువాతే స్ప్రింగు ఎక్కించాలి. ముఖ్యంగా అన్నిటికంటే ఎక్కువ వేగానికి వేరే గట్టి స్ప్రింగు వుంటుంది, ఎక్కించాక దాని మీదికి బలవంతంగా తిప్పితే లోపల ఏదో ఒకటి విరుగుతుంది. సెల్ఫ్ టైమర్ మీట వుంటే దాన్ని అసలు ముట్టుకోవద్దు. పాత షట్టర్లలో మొదట మొరాయించేది అదే, మధ్యలో ఆగిపోతే షట్టర్ మొత్తం పట్టేస్తుంది. ఇక ఎమ్, ఎక్స్ సంగతి. ఎమ్ అనేది పాత ఫ్లాష్ బల్బులకి. హిచ్‌కాక్ ‘రియర్ విండో’లో హీరో చీకట్లో విలన్ కళ్లు బైర్లు కమ్మేలా ఒకటి తరువాత ఒకటి పేలుస్తాడే, ఆ బల్బులు! ఒక్కోటి ఒక్కసారికే. అది పూర్తిగా మండడానికి సుమారు సెకనులో 50వ వంతు పడుతుంది కాబట్టి, షట్టర్ ముందు బల్బుని వెలిగించి, కాస్త ఆగి అప్పుడు తెరుచుకుంటుంది. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్ క్షణంలో మెరిసి ఆరిపోతుంది. దాన్ని ఎమ్ మీద పెట్టి కొడితే రేకులు తెరుచుకునేసరికి వెలుగు వుండదు, బొమ్మంతా కటిక చీకటి. కాబట్టి ఎక్స్ మీదే వుంచాలి. ‘బి’ అక్షరం మాత్రం బల్బు దీపానికి సంబంధించింది కాదు. వెనకటికి షట్టర్‌ని రబ్బరు బుడగ పిసికి తెరిచేవాళ్లు. ఆ బుడగ పేరే మిగిలిపోయింది.

బాగుచేశాక లెక్కపెడితే 8 దగ్గర 32 ఫ్రేములు. అరవై దాటిన వయసుకి ఆ మాత్రం తేడా క్షమించొచ్చు.

లెన్సు పలికింది సరే, మరి కెమేరా? చెక్క కెమేరా వున్న స్నేహితుణ్ని బతిమాలి ఓ పది రోజులకి అరువు తెచ్చుకున్నాను. నాలుగంగుళాలు బై అయిదంగుళాల ఫిలిం కొనే స్తోమత ఫ్రీలాన్సు విలేకరికి ఎక్కడిది? అందుకని ఫోటో ప్రింట్లు వేసే కాగితాన్నే ఫిలిం బదులు పెట్టాను. ఎర్ర దీపం వెలుగులో కత్తిరించుకోవచ్చు, కళ్లముందే కడుక్కోవచ్చు. దాని సత్తువ మాత్రం బాగా తక్కువ. మామూలు ఫిలిం 100 అయితే ఇది ఓ 6. అందుకే వరండా నీడలో ఎఫ్ 8 పెడితే అర సెకను కావాలి. ఏ అంకె దగ్గరయితే షట్టర్ పట్టేసి మొరాయించిందో, ఆ 2 అంకే నాకు కావలసి వచ్చింది.

పెద్దమ్మని వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఎర్రంచు తెల్ల చీర కట్టుకొచ్చింది. “కదలకు పెద్దమ్మా, అర సెకను” అన్నాను. “మీ పెదనాన్న ముందు గంటలు గంటలు కూర్చునేదాన్నిరా, నువ్వొచ్చావు నాకు చెప్పడానికి” అంది. మీట నొక్కితే షట్టర్ “జుర్ర్...టిక్” అంది. రెండో కాగితంలో ఊపిరి పీల్చింది కాబోలు, అది పోయింది. మొదటిది నిలబడింది.

కాగితానికి ఎరుపు కనబడదు. చీర ఎర్రంచు కారునలుపుగా పడింది, పెదాలూ అంతే. ముఖం మీద ప్రతి ముడతా చెక్కినట్టు వచ్చింది. ముక్కుపుడక ఒక్కటే తెల్లగా మెరిసింది. నెగెటివ్ కాగితాన్ని ఇంకో కాగితం మీద బోర్లించి, దీపం వేసి, ప్రింటు తీశాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. “ముసలిదాన్నయిపోయానురా” అని మాత్రం అంది. తరువాత లోపలికెళ్లి ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక ఫోటో తెచ్చి పక్కన పెట్టింది. అదే లెన్సుతో 1962లో తీసిందట. నిండు చూలాలు, మెళ్లో పసుపుతాడు తప్ప ఇంకేమీ లేదు. గొలుసు కుదువకి పోయిన వారానికే తీశాడట.

సంక్రాంతికి అన్నయ్య ఊరొచ్చాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. వాళ్లమ్మాయి మాత్రం రెండు ఫోటోలూ తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. అటుదీ ఇటుదీ మార్చి మార్చి చూశాడు. కాసేపయ్యాక నా వైపు చూడకుండానే, “రెండూ కలిపి ఒకే ఫ్రేము కట్టించడానికి ఎంతవుతుందిరా?” అన్నాడు.

ఆరొందలు అవుతుందన్నాను. జేబులోంచి తీసి ఇచ్చాడు.